వీల్‌చైర్ ఉంది కదా, ఇక పడరు అనుకోవద్దు: ఇంట్లో ప్రమాదం ఎక్కడుంది, ఎలా తప్పించాలి?

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు అందరి ధ్యాసా మందుల మీదే ఉంటుంది. ఏ మాత్ర పరగడుపున వేయాలి, ఏది తిన్నాక వేయాలి, మళ్లీ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి... ఈ లెక్కల్లోనే రోజు గడిచిపోతుంది. కొత్త వీల్‌చైర్ హాల్లో ఓ పక్కన ఉంటుంది. "కుర్చీ వచ్చేసింది, ఇక నానీ పడిపోతుందన్న భయం లేదు" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

నిజానికి జాగ్రత్త మొదలవ్వాల్సింది ఆ రోజు నుంచే. నడిచేవాళ్లు కాలు జారి పడతారు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు కుర్చీలోకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, కింద పడ్డ తస్బీహ్ తీసుకోబోయి వంగినప్పుడు, గడప దగ్గర చక్రం ఠక్కున ఆగినప్పుడు పడతారు. అంటే కుర్చీ వచ్చాక ప్రమాదం పోదు, వేరే చోటికి మారుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ఇది వీల్‌చైర్ వాడేవారి లెక్క మాత్రమే కాదు, అందరిదీ కలిపి. అనుకోకుండా జరిగే గాయాల వల్ల వచ్చే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా మన దేశం లాంటి తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి.

చాలాకాలం నడవని కాళ్లలో ఎముకలు పలచబడతాయి. మామూలు మనిషికి చిన్న దెబ్బతో పోయేది, వీళ్లకు ఎముక విరిగేదాకా వస్తుంది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, వారాల తరబడి మంచం, దాంతో పుండ్లు. ఇంకో నష్టం బయటికి కనిపించదు. ఒక్కసారి పడ్డ మనిషి ఆ తర్వాత మంచం దిగడానికే జంకుతారు. "నన్ను ఇక్కడే వదిలేయండి బేటా" అంటారు. వీల్‌చైర్ ఇచ్చిన కాస్త స్వేచ్ఛ కూడా అక్కడితో ఆగిపోతుంది.

ముందు కుర్చీని చూడండి

వారానికి ఒకసారి, ఉదాహరణకు జుమా రోజు పొద్దున, ఐదు నిమిషాలు కుర్చీకి కేటాయిస్తే చాలు. బ్రేకులు రెండూ వేసి ఖాళీ కుర్చీని నెట్టి చూడండి. కదిలితే బ్రేకు పట్టడం లేదన్నమాట. గాలి నింపే టైర్లయితే ముందు గాలి చూడాలి. టైరులో గాలి తగ్గితే బ్రేకు దానికి సరిగా ఆనదు. చాలా ఇళ్లల్లో బ్రేకు పాడైందనుకుని ఊరుకుంటారు, తీరా చూస్తే సైకిల్ పంపుతో పోయే సమస్య.

ముందుండే చిన్న చక్రాలకు జుట్టు, దారాలు చుట్టుకుంటాయి. వాటిని తీసేయాలి. లేదంటే చక్రం తిరగక కుర్చీ ఒక పక్కకు లాగుతుంది. బోల్టులు వదులయ్యాయా, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు ఊగుతున్నాయా, సీటు గుడ్డ సాగిపోయిందా అన్నది కూడా చూడాలి. సీటు సాగితే మనిషి ముందుకు జారుతూ ఉంటారు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కుర్చీ వెనుక హ్యాండిళ్లకు కూరగాయల సంచి, మందుల బ్యాగు, నీళ్ల బాటిల్ తగిలిస్తారు. మనిషి కూర్చున్నంతసేపు ఏమీ కాదు. లేచిన క్షణంలో ముందు బరువు పోయి, వెనుక సంచి బరువుకు కుర్చీ వెల్లకిలా పడుతుంది. ర్యాంపు ఎక్కేటప్పుడైతే మనిషితో సహా పడుతుంది. కావాల్సినవి సీటు కిందో, పక్కనో చిన్న సంచిలో పెట్టుకోవడం మంచిది. కుర్చీ వెనక్కి ఒరగకుండా వెనుక భాగంలో బిగించే చిన్న చక్రాలు దొరుకుతాయి. కుర్చీ కొనేటప్పుడే అవి ఉన్నాయా అని అడగాలి.

దుపట్టా, చీర కొంగు, లుంగీ అంచు, బుర్ఖా చివర... ఇవి చక్రంలో పడితే ఒక్క గుంజుకు మనిషి పక్కకు ఒరుగుతారు. కుర్చీలో కూర్చున్నాక గుడ్డలన్నీ ఒడిలోకి తీసుకున్నాకే నెట్టాలి.

మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి

రోజులో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన క్షణాలు ఇవే. సగం పని ఎత్తు సరిచూసుకోవడంతోనే అయిపోతుంది. వీల్‌చైర్ సీటు మామూలుగా నేల నుంచి 18 నుంచి 20 అంగుళాలు ఉంటుంది. మంచం పరుపుతో కలిపి దాదాపు అంతే ఎత్తులో ఉంటే జరగడం తేలిక. నేల మీద పరుపు వేసుకునే అలవాటున్న ఇళ్లల్లో ఈ ఒక్క మార్పు తప్పదు. పాత తఖ్త్ ఉంటే ఎత్తు కొలిచి వాడుకోవచ్చు, అది ఊగకుండా ఉండాలి.

ఇక పద్ధతి. కుర్చీని మంచానికి కాస్త ఏటవాలుగా, దగ్గరగా పెట్టాలి. పక్షవాతం వచ్చినవారికైతే బలం ఉన్న చేయి, కాలు వైపు కుర్చీ ఉండాలి. రెండు బ్రేకులూ వేయాలి. ఒక్కటి వేస్తే కుర్చీ గిర్రున తిరుగుతుంది. ఫుట్‌రెస్టులను మడిచి పక్కకు తప్పించాలి. వాటి మీద కాలు పెట్టి లేవబోతే కుర్చీ ముందుకు బోర్లా పడుతుంది, ఇది చాలా తరచుగా జరిగే ప్రమాదం.

పడుకున్న మనిషిని లేపగానే కుర్చీలోకి మార్చొద్దు. మంచం అంచున రెండు మూడు నిమిషాలు కూర్చోనివ్వాలి. లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం వయసు మళ్లినవారిలో, బీపీ మందులు వాడేవారిలో మామూలే. తర్వాత పాదాలు నేలకు ఆనించి, మంచం అంచుకు జరిగి, ముందుకు వంగి లేవాలి. సాయం చేసేవారు "ఒకటి, రెండు, మూడు" అని చెప్పి లేపాలి. చెప్పకుండా లాగితే ఇద్దరి బలం రెండు దిక్కులకు పోతుంది.

చంకల కింద చేతులు పెట్టి లేపడం, చేయి పట్టి గుంజడం వద్దు. పక్షవాతం వచ్చిన వైపు భుజం కీలు దీంతో జారిపోవచ్చు. నడుముకు కట్టే వెడల్పాటి పట్టీ, సర్జికల్ షాపుల్లో దొరికేది, పట్టుకుని లేపితే ఇద్దరికీ భద్రం. కాళ్లలో అసలు బలం లేనివారికి కుర్చీకి, మంచానికి మధ్య వంతెనలా వేసే నున్నటి చెక్క ఉంటుంది. దాని మీద కూర్చుని జరుగుతారు. ఈ పద్ధతులన్నీ చదివి నేర్చుకునేవి కావు. డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపిస్టును అడిగి, ఇంట్లో సాయం చేసే ప్రతి ఒక్కరూ ఒకసారి చేసి చూపించాలి. కోడలికి ఒక్కదానికే నేర్పించి ఊరుకుంటే, ఆమె ఊరెళ్లిన రోజే ప్రమాదం జరుగుతుంది.

బాత్రూం: తడి నేల, ఇరుకు తలుపు

మొదటి సమస్య తలుపే. వీల్‌చైర్ మొత్తం వెడల్పు చాలావాటికి 24 నుంచి 26 అంగుళాలు ఉంటుంది. చక్రం తిప్పే చేతులకు కూడా చోటు కావాలి. కనీసం 32 అంగుళాల తలుపు ఉంటే తప్ప సుఖంగా దూరదు. కొత్తగా ఇల్లు కట్టేవారు ఒక్క బాత్రూం తలుపైనా 3 అడుగులు పెట్టమని మేస్త్రీకి ముందే చెప్పడం మేలు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడితే, బయటి నుంచి తీయడానికి కూడా వీలుండదు.

కింద కూర్చునే లెట్రిన్ మాత్రమే ఉన్న ఇంట్లో, దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ వాడొచ్చు. దాని కాళ్లకు రబ్బరు బుడిపెలు అరిగిపోకుండా చూసుకోవాలి. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు వద్దు. తడి బండ మీద అది జారుతుంది, ఎండకు పెళుసై విరుగుతుంది కూడా. వెనుక ఆనుకునే భాగం, చేతులు ఉన్న స్నానం కుర్చీ కావాలి.

గోడకు పట్టుకునే స్టీలు రాడ్లు తప్పనిసరి. ఇక్కడ చాలామంది మోసపోతారు. టవల్ వేసే రాడ్డు మనిషి బరువు మోయదు. గోడకు గాలితో అతుక్కునే రకం పట్టీలను కూడా నమ్మకూడదు. మంచి గోడలోకి యాంకర్ బోల్టులు దించి బిగించిన రాడ్డే వాడాలి. బిగించాక ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి తన బరువంతా వేసి లాగి చూడాలి. రాడ్డు ఎంత ఎత్తులో కావాలో ప్లంబర్ కాదు, వాడే మనిషి చెప్పాలి. కుర్చీలో కూర్చుని చేయి చాపితే ఎక్కడ అందుతుందో అక్కడ చాక్‌పీసుతో గీత గీయండి.

నున్నటి టైల్సు ఉంటే అన్నీ పీకి మార్చక్కర్లేదు. వెనుక రబ్బరు పట్టు ఉన్న చాప వేయొచ్చు. స్నానం అయిన వెంటనే వైపర్‌తో నీళ్లు లాగేయడం అన్నిటికంటే చవకైన పరిష్కారం. సబ్బు నురగ మిగిలిన బండ మీద ఆరోగ్యవంతులకే కాలు ఆగదు.

వుజూ, నమాజ్ సమయంలో

రోజుకు ఐదుసార్లు వుజూ కోసం బాత్రూంకు వెళ్లి రావడమంటే, ఐదుసార్లు తడి నేల మీదికి వెళ్లడమే. దీనికి బదులు కుర్చీలోనే కూర్చోబెట్టి, ఒడిలో తువ్వాలు, పక్కన బేసిన్, లోటాతో నీళ్లు పోయొచ్చు. కాళ్లు కడిగేటప్పుడు మాత్రం కుర్చీలోని మనిషి తానే కిందికి వంగొద్దు. ఇంకొకరు కడగాలి. తర్వాత ఫుట్‌రెస్టు, పాదాలు పూర్తిగా తుడవాలి. తడి పాదం ఫుట్‌రెస్టు నుంచి జారి చక్రం కిందికి పోయే ప్రమాదం ఉంటుంది.

నిలబడలేనివారు కూర్చుని, తల వంచి సైగతో రుకూ, సజ్దా చేయడానికి షరియత్‌లో వెసులుబాటు ఉంది. సజ్దాకు రుకూ కంటే తల కాస్త ఎక్కువ వంచితే చాలు. అయినా జీవితమంతా నేలకు నుదురు ఆనించిన మనిషి, కుర్చీలో కూడా అలవాటుగా కిందికి వంగుతారు. వీల్‌చైర్‌లో ముందుకు ఎక్కువగా వంగితే బరువంతా చిన్న చక్రాల మీద పడి కుర్చీ తిరగబడుతుంది. పెద్దవాళ్లకు ఈ విషయం పిల్లలు చెబితే మనసు నొచ్చుకోవచ్చు. తెలిసిన ఇమామ్ గారితో లేదా ఆలిమ్‌తో చెప్పిస్తే నమ్మకంగా వింటారు. నమాజ్ మొదలుపెట్టే ముందు బ్రేకులు వేయడం, కుర్చీ ముందు జానిమాజ్ మడతలు లేకుండా తీసేయడం ఇంట్లోవాళ్ల పని.

గడప, మెట్లు, ర్యాంపు లెక్క

మన పాత ఇళ్లల్లో గడప ఎత్తుగా ఉంటుంది, ఇంటి ముందు రెండు మూడు మెట్లు ఉంటాయి. సిమెంటుతో చిన్న దిబ్బలా పోసి ర్యాంపు అనుకుంటారు. అది ర్యాంపు కాదు, జారుడుబండ.

లెక్క చాలా సులువు. ఎత్తు ఒక అంగుళం ఉంటే ర్యాంపు పొడవు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు ఉండాలి. గడప 4 అంగుళాలైతే 4 అడుగుల ర్యాంపు. ఏడేసి అంగుళాల మెట్లు రెండుంటే మొత్తం ఎత్తు 14 అంగుళాలు, కాబట్టి 14 అడుగుల ర్యాంపు కావాలి. గల్లీలో అంత చోటు లేకపోతే మధ్యలో చదునైన మలుపు ఇచ్చి తిప్పి కట్టొచ్చు. అదీ కుదరకపోతే నిటారు ర్యాంపు కట్టి ఒంటరిగా దిగమనడం కంటే, ఇద్దరు మనుషుల సాయంతో మెట్లు దాటించడమే నయం. ర్యాంపు పక్కల చక్రం జారకుండా చిన్న గట్టు, పైన గరుకు ఫినిషింగు తప్పక ఉండాలి.

సాయం చేసేవారు గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. ర్యాంపు మీద సాయం చేసే మనిషి ఎప్పుడూ కిందివైపే ఉండాలి. ఎక్కేటప్పుడు ముందుకు నెట్టాలి. దిగేటప్పుడు కుర్చీని తిప్పి, వెనక్కి నడుస్తూ నెమ్మదిగా దించాలి. అప్పుడు కుర్చీ జారినా మనిషి ముందుకు పడరు.

హాలు, దస్తర్‌ఖాన్, వంటగది

కుర్చీ తిరిగే దారిలో మడతలు పడే చాపలు, కార్పెట్లు, ఫోన్ ఛార్జరు వైర్లు, చెప్పుల గుట్టలు ఉండకూడదు. కుర్చీ పూర్తిగా తిరగాలంటే దాదాపు 5 అడుగుల ఖాళీ కావాలి. సోఫాను గోడకు జరిపితే చాలా ఇళ్లల్లో ఆ చోటు దొరుకుతుంది.

నేల మీద దస్తర్‌ఖాన్ పరిచి అందరూ కూర్చుంటే, కుర్చీలోని మనిషి ప్లేటు కోసం కిందికి వంగాల్సి వస్తుంది. ఒక టేబుల్ వేసి, మిగతా ఇద్దరు ముగ్గురు కూడా కుర్చీల్లో కూర్చుని తింటే ప్రమాదమూ ఉండదు, వేరుగా కూర్చోబెట్టారన్న బాధా ఉండదు.

కళ్లజోడు, ఫోను, మంచినీళ్లు, మందులు, తస్బీహ్ లాంటి రోజూ వాడేవన్నీ నడుముకు, భుజానికి మధ్య ఎత్తులో పెట్టాలి. కింద పడ్డవి తీసుకోవడానికి పొడవాటి పట్టకారు లాంటి పరికరం దొరుకుతుంది. కింద పడ్డదాన్ని అందుకోక తప్పనప్పుడు, రెండు మోకాళ్ల మధ్య నుంచి ముందుకు వంగకుండా, కుర్చీని పక్కకు తెచ్చి, బ్రేకులు వేసి, ఒక చేత్తో కుర్చీని పట్టుకుని పక్కనుంచి అందుకోవాలి.

రాత్రి, మందులు, రంజాన్

రాత్రి మూత్రానికి ఎవరినీ లేపడం ఇష్టం లేక ఒంటరిగా దిగబోయి పడేవారు చాలామంది. మంచం పక్కనే యూరిన్ బాటిల్ లేదా కమోడ్ కుర్చీ, చిన్న నైట్ ల్యాంపు, చేతికందేలా బెల్లు పెడితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. "నన్ను లేపితే నాకేం ఇబ్బంది లేదు" అని నోటితో చెప్పడం కూడా ముఖ్యమే. చెప్పకపోతే వాళ్లు లేపరు.

నిద్రమాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కళ్లు తిరిగేలా చేస్తాయి. షుగర్ పడిపోయినా అంతే. రంజాన్‌లో రోజా ఉండాలనుకునే షుగర్, బీపీ రోగులు నెల మొదలయ్యే ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి. సహెరీకి సగం నిద్రలో, చీకట్లో, హడావుడిగా మంచం దించొద్దు. ఆ పూట వాళ్ల ప్లేటు మంచం దగ్గరికే తెచ్చిస్తే సరిపోతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. జారిపోతున్నారని కొందరు దుపట్టాతోనో, చీరతోనో మనిషిని కుర్చీకి కట్టేస్తారు. మనిషి కిందికి జారితే ఆ గుడ్డ ఛాతీ మీదికో, మెడ మీదికో వచ్చి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. నడుము దగ్గర బిగించే వీల్‌చైర్ బెల్టు వేరు, గుడ్డతో కట్టడం వేరు. పదేపదే జారుతున్నారంటే సీటు, కుషన్ సరిపోలేదని అర్థం. దానికి కారణం వెతకాలి.

అయినా పడితే?

ముందుగా, వెంటనే లేపొద్దు. కంగారులో నలుగురూ నాలుగు వైపులా పట్టి లేపితే విరిగిన ఎముక ఇంకా దెబ్బతింటుంది. మాట్లాడించాలి. నొప్పి ఎక్కడుందో అడగాలి. తలకు దెబ్బ తగిలినా, స్పృహ తప్పినా, మెడ లేదా నడుము నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా లేదా పక్కకు తిరిగినట్టు కనిపించినా కదపకుండా 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రిలో చూపించాల్సిందే.

వెన్నుపాము దెబ్బతిన్నవారికి కాళ్లలో స్పర్శ ఉండదు. ఎముక విరిగినా నొప్పి తెలియదు. అందుకే వాళ్లు "నాకేం కాలేదు" అన్నా, ఆ రోజూ మర్నాడూ కాళ్లలో వాపు, వేడి, కమిలిన మచ్చ, వంకర ఉన్నాయేమో చూడాలి.

ఏ దెబ్బా లేదని తేలాకే నెమ్మదిగా లేపాలి. ఆ తర్వాత కోపం చేయకుండా ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుండగా పడ్డారో రాసి పెట్టాలి. రెండోసారి అదే చోట పడితే, తప్పు మనిషిది కాదు, ఆ చోటుది.

ఖర్చు ఎంత? సాయం ఎక్కడ?

పనులను మూడు వరుసలుగా రాసుకుంటే భారం అనిపించదు. మొదటి వరుసకు పైసా ఖర్చు లేదు: బ్రేకు తనిఖీ, దారి ఖాళీ చేయడం, వెనుక సంచులు తీసేయడం, నేల తుడవడం. ఇవి ఈ రోజే అయిపోతాయి. రెండో వరుస చిన్న ఖర్చు: నైట్ ల్యాంపు, బెల్లు, రబ్బరు చాప, స్టీలు రాడ్లు. మూడోది పెద్ద ఖర్చు: ర్యాంపు, తలుపు వెడల్పు, మంచం. ఒక్క తుంటి ఆపరేషన్‌కు, ఆ తర్వాత పని మానుకుని ఇంట్లో ఉండే మనిషి జీతానికి అయ్యేదానితో పోల్చి చూసుకుంటే, మూడో వరుస కూడా ఖరీదుగా అనిపించదు.

పరికరాలకు ప్రభుత్వ సాయం ఉంది. 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వీల్‌చైర్ లాంటి పరికరాలు ఉచితంగా ఇస్తారు. ఈ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవారికి, ఆదాయ పరిమితికి లోబడి, కేంద్రం నడిపే అడిప్ పథకం వర్తిస్తుంది. యూడీఐడీ కార్డు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా పెట్టుకుని జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో క్యాంపు ఎప్పుడో అడగాలి. వృద్ధుల విషయంలో సలహా కోసం 14567 హెల్ప్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

చివరిగా ఒక పని. ఈ రోజు ఇంట్లో ఎవరైనా ఒకరు వీల్‌చైర్‌లో కూర్చుని, మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా వెళ్లి రండి. చేయి ఎక్కడ అందలేదో, చక్రం ఎక్కడ ఆగిందో, గుండె ఎక్కడ ఝల్లుమందో తెలుస్తుంది. తర్వాత రోజూ ఆ కుర్చీలో కూర్చునే మనిషిని అడగండి: "మీకు ఎక్కడ భయమేస్తుంది?" అని. వాళ్లు చూపించిన చోటు నుంచే పని మొదలుపెట్టండి.